డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయ జీవితము

వికారాబాదు నుండి తాండూరు పోవు రైలు ధారూరు స్టేషనులో ఆగునపుడు ఎక్కువారు, దిగువారు తమ తమ పనుల తొందరలో నుందురే గాని ఆ పట్టాల వెనుకనున్న చరిత్రను తలపరు. వాడీ నుండి సికింద్రాబాదు వరకు సుమారు 120 మైళ్ల పొడవున సాగిన ఈ మార్గము 1874 అక్టోబరు 9వ తేదీన తెరువబడెను. నిజాము ప్రభుత్వము దీనిని తన బొక్కసపు ధనముతో వేయించెను. బొక్కసపు ధనమనగా మిక్కిలిగా రైతు చెల్లించిన శిస్తే. పదేండ్లు గడచునంతలో ఈ మార్గమును లండనులోని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించుటకు ఏర్పాట్లు జరిగెను. ఆ అప్పగింత షరతులేవో ప్రజలకు తెలుపుడని అడిగినందుకు రాజ్యము విడిచిపోవలసి వచ్చిన విద్యావంతుడు డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రిగా ఆయనను లోకమెరుగును. ఈ ఘట్టమును ఎరిగినవారు కొలదిమంది.

అఘోరనాథుని పూర్వులు తూర్పు బెంగాలులోని ఢాకా ప్రాంతమున విక్రమపురమునకు చెందిన బ్రాహ్మణులు. సంస్కృత పాండిత్యము ఆ వంశమునకు తరతరాల ఆస్తి. బాల్యము నుండియు చదువునందు చురుకైన ఆయన కలకత్తాలో విద్య ముగించి, గిల్‌క్రిస్టు విద్యార్థి వేతనము పొంది, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. 1877లో అచ్చట విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము నందెను. ఆ పట్టము పొందిన తొలి భారతీయుడాయనయే యని ప్రసిద్ధి. రసాయనశాస్త్రము ఆయనకు ప్రాణము.

స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట హైదరాబాదు ప్రభుత్వము ఆయనను విద్యాశాఖకు పిలిపించెను. భార్య వరదాసుందరితో ఆయన హైదరాబాదునందు కాపురము పెట్టెను. 1879 ఫిబ్రవరి 13న వారికి సరోజిని జన్మించెను. హైదరాబాదు కళాశాలను స్థాపించి నడిపిన కీర్తి ఆయనదే. అదియే 1887లో నిజాం కళాశాలగా రూపొందెను. బ్రహ్మసమాజ భావములు గల ఆ దంపతులు కులభేదమును పాటింపలేదు. వారి ఇల్లు హిందువులకును, ముసల్మానులకును, పండితులకును, పేదవిద్యార్థులకును సమానముగా తెరచియుండెడిది.

1883 ఫిబ్రవరిలో దివాను మొదటి సాలార్‌జంగు కలరా సోకి ఆకస్మికముగా మరణించెను. నిజాము మహబూబ్ అలీఖాను అప్పటికి మైనరు. పెద్దదిక్కు లేని ఆ కాలముననే చాందా రైలు పథకము ముందునకు వచ్చెను. ఉన్న రైలుమార్గమును ఇంగ్లీషు కంపెనీకి అమ్ముట, ఆ కంపెనీ దానిని తూర్పునకును, ఉత్తరమున బొగ్గు గనులు గల చాందా వైపునకును పొడిగించుట, కంపెనీ పెట్టుబడికి నిజాము ప్రభుత్వము ఏటేటా వడ్డీకి హామీ పడుట ఆ పథకపు సారాంశము. రైలుకు రాబడి తగ్గినను వాటాదారులకు వడ్డీ తగ్గదు. లోటు వచ్చినచో పూడ్చవలసినది రాజ్యపు ఖజానా. లాభము ఒకరిది, పూచీ మరియొకరిది!

అఘోరనాథుడును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును, మరికొందరు పౌరులును కలిసి ఒక సంఘముగా ఏర్పడిరి. వారు రైలు వలదనలేదు. రైలు వలన కలుగు మేలు వారికి తెలియనిది కాదు. ఒప్పందములోని షరతులను ప్రకటింపుడనియు, ప్రజలు చర్చించి అభిప్రాయము చెప్పుటకు వ్యవధి నిండనియు మాత్రమే వారు కోరిరి. హిందువులును ముసల్మానులును ఒక్కటై ప్రభుత్వమును లెక్క అడుగుట హైదరాబాదు రాజ్యమునకు క్రొత్త. ప్రభుత్వము దానిని సహింపలేదు. అఘోరనాథుని ఉద్యోగము పోయెను. 1883 మే 20న ఆయనను రాజ్యము నుండి బహిష్కరించిరి. భారత జాతీయ కాంగ్రెసు పుట్టుటకు ఇంకను రెండేండ్లు కలవని తలచినచో ఆ సాహసము విలువ బోధపడును.

పథకము ఆగలేదు. నిజాం గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీ ఏర్పడి 1885లో మార్గమును చేపట్టెను. రైలు 1889లో బెజవాడ చేరెను. దేని పేర పథకము ప్రసిద్ధమాయెనో ఆ చాందా వైపు మార్గము మాత్రము 1929 నాటికి గాని పూర్తి కాలేదు. 1930 ఏప్రిలులో నిజాము ప్రభుత్వమే ధనము చెల్లించి ఆ రైల్వేను కంపెనీ నుండి మరల కొనవలసివచ్చెను.

గనుల సంగతి ఇంతకంటె విషాదకరము. 1886లో రాజ్యపు ఖనిజములపై హక్కు లండనులోని హైదరాబాదు దక్కను కంపెనీకి దక్కెను. 10 లక్షల పౌండ్ల మూలధనములో 8½ లక్షల పౌండ్ల వాటాలు ఆ హక్కును సంపాదించినవారికే చేరెను. ఆ వాటాల బేరములో నిజాము పక్షమున వ్యవహరించిన అబ్దుల్ హఖ్ అనునాతడు 1888లో పదవి కోల్పోయెను. బ్రిటిషు పార్లమెంటు సంఘము విచారణ జరిపెను. షరతులు చూపుడని ఐదేండ్ల క్రిందట అడిగినవారి అనుమానము నిరాధారము కాదని అపుడు లోకమునకు తేటపడెను.

కొన్నేండ్లకు అఘోరనాథుడు హైదరాబాదునకు తిరిగి వచ్చి విద్యాసేవ కొనసాగించెను. 1898లో కుమార్తె సరోజినిని తెలుగువాడగు డాక్టరు గోవిందరాజులు నాయుడునకిచ్చి కులాంతర వివాహము చేసెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ వివాహమును జరిపించిరి. కుమారులలో వీరేంద్రనాథుడు విదేశములందు స్వాతంత్ర్య విప్లవకారుడుగాను, హరీంద్రనాథుడు కవిగాను ఖ్యాతి గాంచిరి. అఘోరనాథుడు చివరిదినములు కలకత్తాలో గడపి 1915 జనవరిలో పరమపదించెను.

ఆయన అడిగిన ప్రశ్న ఆయనతో పోలేదు. రైలుకట్టకు, గనికి, కర్మాగారమునకు అన్నిటికిని భూమి కావలెను. ఆ భూమిని దున్ని బ్రతుకు సంసారములు ఉండనే ఉండును. 1894 నాటి భూసేకరణ చట్టము రైతు సమ్మతిని కోరలేదు. 2014 జనవరి 1న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ప్రైవేటు కంపెనీల కొరకు భూమి తీసుకొనునపుడు నూటికి 80 బాధిత కుటుంబముల సమ్మతి ఉండవలెనని విధించెను. ప్రభుత్వము స్వీయావసరమునకు సేకరించినచో ఈ నియమము వర్తింపదు. వికారాబాదు జిల్లాలోనే, దుద్యాల మండలము లగచర్లలో, 2024 నవంబరులో ఔషధ పరిశ్రమలకై తలపెట్టిన భూసేకరణను గ్రామస్థులు ప్రతిఘటించిరి. ఘర్షణ జరిగెను, పలువురు చెరసాల పాలైరి. ఆ నెలాఖరున ప్రభుత్వము ఆ ప్రకటనను ఉపసంహరించుకొని, పారిశ్రామిక వాడ పేర మరియొకటి వెలువరించెను.

పరిశ్రమ వలదని అఘోరనాథుడు ఎన్నడును అనలేదు. ప్రజల సొత్తు చేతులు మారుటకు ముందు పత్రము ప్రజల యెదుట చదువబడవలెనన్నదే ఆయన పట్టు. పత్రము చదువుటకు అక్షరము కావలెను. చదివినది అడుగుటకు ధైర్యము కావలెను. మొదటిదానిని ఆయన పాఠశాలలో నేర్పెను, రెండవదానిని తన జీవితముతో నేర్పెను. గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము చేతబట్టు ప్రతివారికిని ఈ రెండు పాఠములును అవసరమే.