మదనపల్లె కాపురం నుండి వేలూరు జైలు దాకా: మార్గరెట్ కజిన్స్ జీవితం

మదనపల్లె: జనగణమన పాడని బడి మన జిల్లాలో లేదు. ఆ గీతం వరుసను స్వరాల్లో రాసిపెట్టిన విదేశీ వనిత మన మదనపల్లెలోనే కాపురమున్నారని ఎరిగినవారు మాత్రం తక్కువ. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్.

ఆమె 1878 నవంబరు 7న ఐర్లండులోని బాయిల్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. డబ్లిన్‌లో సంగీతంలో పట్టా పొంది, 1903లో కవి జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడారు. ఆడవారికి ఓటు కావాలని 1908లో కొందరితో కలసి సంఘం స్థాపించారు. అందుకై 1910లో లండనులోనూ, 1913లో ఐర్లండులోనూ జైలుకు వెళ్ళారు. రెండోసారి జైల్లో నిరాహారదీక్ష సైతం చేశారు.

1915లో దంపతులు అనిబిసెంట్ పిలుపుపై మద్రాసు వచ్చారు. జేమ్స్‌కు పత్రికలో ఉద్యోగం దొరికింది. ఐర్లండు తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాయడంతో అది కాస్తా పోయింది. 1916లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. ఆ కళాశాల పెట్టి అప్పటికి ఏడాదే.

ఆనాటి మదనపల్లె ఎంత ఊరని! చుట్టూ కొండలు, నడుమ తాలూకా కచేరీ, సబ్ కలెక్టరు ఆఫీసు, కోర్టు. 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి కడప జిల్లా నుండి వచ్చి చేరిన తాలూకా ఇది. అర్జీ పట్టుకుని కచేరీ మెట్లెక్కేది మగవాళ్ళే. అటువంటి ఊళ్ళో ఆడవాళ్ళు ఒకచోట చేరి చదువు, ఆరోగ్యం గురించి మాట్లాడుకునేందుకు అబలాభివర్ధినీ సమాజం నడిచింది. దానికి మార్గరెట్ చేయూతనిచ్చారు. అబల అన్న పేరు ఆమెకు నచ్చి ఉండదని నా ఊహ. 1917 మే నెలలో అడయారులో భారత మహిళా సంఘం స్థాపించినవారిలో ఆమె ముఖ్యులు.

అదే ఏడు ఇండియా మంత్రి మాంటేగు మద్రాసు వచ్చారు. ఆడపిల్లల చదువు గురించి మహిళలు విన్నవించుకుంటామన్నారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు వచ్చింది. సరే, అలాగైతే ఓటే అడుగుదామని మార్గరెట్ అర్జీ మార్చి రాశారు. డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళలు వెళ్ళి దాన్ని అందించారు. 1921లో మద్రాసు రాష్ట్రం స్త్రీలకు ఓటు ఇచ్చింది. బ్రిటిషు ఇండియాలో ఆ మాటకు ముందు నిలిచింది మన మద్రాసే. అయితే ఆస్తి ఉన్నవారికే ఆ హక్కు. నాట్లు వేసే కూలి తల్లికి స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఎన్నికలనాటికి గానీ ఓటు చేతికి రాలేదు.

1919 ఫిబ్రవరిలో విశ్రాంతికై రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె వచ్చి కళాశాలలో బస చేశారు. ఒక సాయంత్రం జనగణమన పాడి వినిపించారు. 1911లోనే కలకత్తా కాంగ్రెసులో పాడిన పాట అది. ఫిబ్రవరి 28న దాన్ని ఇంగ్లీషులోకి తానే అనువదించి ఇచ్చారు. వరుస పాడేవారి నోట మారిపోకుండా మార్గరెట్ స్వరలిపి రాసుకున్నారు. విద్యార్థులు నేర్చి పాడారు.

1922లో ఆమె దేశంలోనే తొలి మహిళా మెజిస్ట్రేటు అయ్యారు. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ జరిపించారు. మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీ రెడ్డి అడుగుపెట్టిందీ ఆ ఏడే. 1932లో ప్రభుత్వ అణచివేత చట్టాలకు వ్యతిరేకంగా బహిరంగంగా మాట్లాడినందుకు మార్గరెట్‌కు ఏడాది శిక్ష పడింది. తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్న మనిషి వేలూరు ఆడవారి జైలుకు వెళ్ళారు! లండనులో ఒకసారి, పుట్టిన దేశంలో ఒకసారి, మెట్టిన దేశంలో ఒకసారి అన్నమాట.

1943లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ ఆడక మంచాన పడ్డారు. చేతిలో డబ్బు లేదు. మద్రాసు ప్రభుత్వం, తరువాత నెహ్రూ ధనసహాయం చేశారు. ఆమె మంచంమీద ఉండగానే 1950 జనవరి 24న జనగణమన జాతీయగీతమైంది. 1954 మార్చి 11న ఆమె కన్నుమూశారు. భర్త జేమ్స్ రెండేళ్ళ తరువాత, 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే మరణించారు.