సుఖదుఃఖ పరీక్షకుడు విలియం జేమ్స్

సుఖమనగా నేమియని విచారించిన తత్త్వవేత్తలు అన్ని దేశములందును గలరు. దుఃఖములో మునిగిన మనస్సు ఏ మార్గమున సుఖమునకు మరలునో పరీక్షించి చూచినవారు మాత్రము కొలదిమంది. అమెరికా దేశమున మనస్తత్త్వ శాస్త్రమునకు పితామహుడని పేరొందిన విలియం జేమ్స్ ఆ కొలదిమందిలో నొకడు. ఈ విద్య ఆయనకు గ్రంథములవలన మాత్రమే అబ్బినది కాదు.

జేమ్స్ 1842వ సంవత్సరము జనవరి 11వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి పిత్రార్జితము గలవాడు, మతవిచారమునందు నిమగ్నుడు. బిడ్డలను ఒక పాఠశాలలో కుదురుగా నుండనీయక అమెరికాకును ఐరోపాకును నడుమ త్రిప్పుచుండెను. తమ్ముడు హెన్రీ నవలారచయితగా ప్రసిద్ధికెక్కెను. విలియం మొదట చిత్రలేఖనము నభ్యసించి, కొలదికాలమునకే దానిని విడిచి, 1861లో హార్వర్డు విద్యాలయమున శాస్త్రవిద్యకు చేరెను. పిదప వైద్యమునకు మారెను. 1865లో అగాసీ పండితుని వెంట బ్రెజిల్ దేశమునకేగి అచ్చట మశూచి పాలయ్యెను. 1869లో వైద్యపట్టము పొందెనే గాని ఆ వృత్తి నవలంబింపనే లేదు.

అప్పటికాయనకు ఇరువదియేడేండ్లు. కన్నులు సహకరింపవు, నడుము నొప్పి విడువదు, మనస్సు అంతకంటె కృశించియుండెను. ఆత్మహత్యను గూర్చిన తలంపులు సైతము వచ్చుచుండెను. ఆ యౌవనదశలోనే యొక సాయంసమయమున ఆయన చీకటిగదిలోనికి పోవుచుండగా, లోగడ ఉన్మాదుల వైద్యశాలలో చూచిన యొక యువకుని రూపము మనస్సునకు తట్టెను. వాడు మోకాళ్లను గడ్డమున కానించుకొని కదలక మెదలక కూర్చుండెడివాడు. ఆ దుర్గతి తనకును ఏ గడియనైనను పట్టవచ్చునను భయము జేమ్స్‌ను ఆవహించెను. పిమ్మట నెలల తరబడి ఆయన ఒంటరిగా చీకటిలోనికి అడుగుపెట్టజాలకపోయెను.

1870 ఏప్రిల్ నెలాఖరున రెనూవియే యను ఫ్రెంచి తత్త్వవేత్త వ్రాసిన వ్యాసము ఆయన చేతికి వచ్చెను. వేరు తలంపులు కలుగుటకు వీలున్నను, ఒక తలంపును కోరి నిలుపుకొనగలుగుటయే స్వేచ్ఛయని అందలి సారము. స్వేచ్ఛ కలదని నమ్ముటయే తాను స్వేచ్ఛతో చేయు మొదటి పని యగునని జేమ్స్ దినచర్యలో వ్రాసికొనెను. ఒక్కనాటితో వ్యాధి కుదిరినదని తలంపరాదు. చిన్న చిన్న మంచి అలవాట్లను ఒకదానిమీద నొకటి పేర్చుకొనుచు ఆయన మెల్లగా తేరుకొనెను. అలవాటును గూర్చి తరువాతి కాలమున వ్రాసిన అధ్యాయమునకు ఇంతటి బలము వచ్చుటకు ఇదియే హేతువు.

1873 నుండి హార్వర్డులో శరీరశాస్త్రమును, 1875 నుండి మనస్తత్త్వమును బోధించెను. 1878లో వివాహమాడెను. ఆ యేటనే మనస్తత్త్వ గ్రంథమొకటి వ్రాసియిత్తునని ప్రకాశకునితో ఒడంబడిక చేసికొనెను. అది ముగియుటకు పండ్రెండేండ్లు పట్టెను. నడుమ 1885లో పసిబిడ్డ యొకడు కోరింతదగ్గుతో మరణించెను. 1890లో గ్రంథము రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను.

ఆ గ్రంథమున నొక చిన్న లెక్క కలదు. మనుష్యుని ఆత్మతృప్తి యొక భిన్నము వంటిది. సాధించినది లవము, సాధింపవలెనని యాశించినది హారము. లవమును పెంచినను, హారమును తగ్గించినను ఫలము హెచ్చును. ఒక యాశను వదలుకొనుట, అది నెరవేరుటతో సమానమైన హాయి నిచ్చునని ఆయన యభిప్రాయము. మన పెద్దలు తృప్తియని బోధించినది హారమును గూర్చిన మాటయే గదా! లవమునకును సమానస్థాన మిచ్చుట ఈ లెక్కలోని విశేషము. దేహవికారము ముందు కలుగును, భావము దాని ననుసరించును అను 1884 నాటి సిద్ధాంతము కూడ ఆయనదే. దానిని 1927లో కానన్ అను శాస్త్రవేత్త గట్టిగా ఆక్షేపించెను. ఆ వాదము నేటికిని తెగలేదు.

1898లో కొండలెక్కుటలో అతిశ్రమపడి గుండె చెడినది. అయినను 1901, 1902 సంవత్సరములలో ఎడింబరో నగరమున ఇరువది ఉపన్యాసముల నిచ్చెను. పుట్టుకతోనే ప్రసన్నచిత్తులైనవా రొక తెగ; లోకమందలి చెడుగును చూచి క్రుంగి, ఆ లోతులనుండి మరల లేచినవా రొక తెగ. మొదటివారికి కవి విట్మన్‌ను, రెండవవారికి టాల్‌స్టాయిని ఉదాహరణముగా చూపెను. మొదటివారిని ఆయన యెగతాళి చేయలేదు. అయితే దుఃఖమును లెక్కలో చేర్చుకొనని సుఖము అసంపూర్ణమని తీర్పు చెప్పెను. వివేకానందస్వామిని ఎరిగియున్న జేమ్స్, ఆయన రాజయోగ గ్రంథమునుగూడ ఈ యుపన్యాసములలో స్మరించెను. అద్వైతము మనస్సునకు గొప్ప విశ్రాంతి నిచ్చునని ఒప్పుకొనియు, 1907లో తాను అనేకత్వమునే వరించెను.

1906 ఏప్రిల్ 18న కాలిఫోర్నియాలో ఘోరభూకంపము సంభవించినప్పుడు ఆయన సమీపమున స్టాన్‌ఫర్డులోనే యుండెను. ఆనాడే శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పోయి జనుల మనఃస్థితిని పరిశీలించెను. ఇండ్లు కూలి, కాలిపోవుచున్నను ప్రజలు విలపింపక పనులు చక్కబెట్టుకొనుట చూచి, అందరికిని వచ్చిన కష్టము ఒంటరి కష్టమంత బాధింపదని వ్రాసెను.

1910 ఆగస్టు 26న చొకోరువా గ్రామములోని తన గృహమున, అరువదియెనిమిదవ యేట, జేమ్స్ కన్నుమూసెను. ఎడింబరో ఉపన్యాసములలో పేరు చెప్పని ఫ్రెంచివాని యనుభవముగా ఒక భయానక వృత్తాంతము కలదు. అది ఆ చీకటిగదిలో జరిగినదే. ఆ ఫ్రెంచివాడు జేమ్సేయని లోకమునకు తెలిసినది 1920లో, ఆయన లేఖలను కుమారుడు ప్రకటించినప్పుడు.