పందెపు కార్ల శిల్పి కరివర్ధన్

కోయంబత్తూరు తమిళదేశపు నగరమే అయినా, అక్కడి మిల్లుల చరిత్రలోను, కార్ఖానాల చరిత్రలోను తెలుగు కుటుంబాల పేర్లు అడుగడుగునా కనబడతాయి. విజయనగర ప్రభువుల కాలం నుండి కొంగునాటికి వలసపోయి స్థిరపడిన వారి సంతతి అది. అనేక యంత్రాలను రూపొందించిన జి.డి. నాయుడు (1893–1974) పేరు మన విద్యార్థులు వినియే ఉంటారు. అదే నగరంలో, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్లుల కుటుంబంలో 1954లో సుందరం కరివర్ధన్ జన్మించాడు. పందెగాళ్లందరికీ ఆయన ‘కరి’.

సంపన్న గృహంలో పుట్టినవాడు కార్ల పందేలపై మోజు పడడంలో వింత లేదు. వింత అంతా ఆ మోజు పట్టిన దారిలో ఉన్నది.

ఆనాడు దక్షిణదేశంలో కార్ల పందేలకు పుణ్యక్షేత్రం చోళవరం. నెల్లూరి మీదుగా మద్రాసు పోయే బాటలో, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగడానికి వేసిన మైదానమది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు అక్కడ ఏటేటా పందేలు జరిపేది. కరివర్ధన్ స్వయంగా చోదకుడై ఆ బాటపై పోటీ చేశాడు. తాను నడిపే కార్లను తన చేతులమీదుగా సవరించుకున్నాడు, నిర్మించుకున్నాడు. అయితే చోళవరంలో ఒక చిక్కు ఉండేది. విదేశాల నుండి పందెపు కారు తెప్పించాలంటే లైసెన్సు కావాలి, భారీ సుంకం కట్టాలి. ఆ శక్తి గలవారు బహు కొద్దిమంది. ఒకప్పుడు ఫార్ములా వన్ పోటీలలో పరుగెత్తిన కారే ఆ మైదానానికి వచ్చింది! అట్టి కారు ప్రక్కన సవరించిన దేశవాళీ కారు నిలబడితే, జెండా ఊపకముందే ఫలితం తేలిపోయినట్లే. గెలిచినది చోదకుని నేర్పా, కారు ఖరీదా అన్నది చెప్పలేము. నేర్పున్న బీదవాడెవడో బయటపడే ఉపాయమే లేదు.

ఈ చిక్కు ఇతర దేశాలవారికీ ఎదురైనదే. అమెరికాలో ఫోక్స్‌వాగన్ ఇంజనుతో ఫార్ములా వీ కార్లు వచ్చాయి. 1967లో ఇంగ్లండులో సామాన్యులు వాడే ఫోర్డు కారు ఇంజనుతో ఫార్ములా ఫోర్డ్ ప్రారంభమయింది. పిమ్మట ప్రపంచ విజేతలైన ఫిట్టిపాల్డి, సెన్నా మొదలగువారు అట్టి చవక కార్లపైనే చేయి తిప్పుకున్నారు. మనదేశంలో అందుకు తగిన ఇంజను చాలాకాలం లేకపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 ఘనపు సెంటీమీటర్లు, 40 గుర్రాలకు మించని బలం. చిన్నదే, కాని తేలికైనది. విడిభాగాలు ప్రతి ఊళ్లోను దొరికేవి. 1980ల చివర కరివర్ధన్ ఆ ఇంజనును పెట్టి ఒంటి సీటు పందెపు కారును తయారు చేశాడు. అదే ఫార్ములా మారుతి.

దీని నిర్మాణంలోని కిటుకు విద్యార్థులు గమనించదగినది. మారుతిలో ఇంజను, గేర్లు ముందుభాగాన ఒకే ముద్దగా ఉండి ముందు చక్రాలను తిప్పుతాయి. పందెపు కారులో ఆ ముద్ద చోదకుని వీపు వెనుకకు చేరి వెనుక చక్రాలను తిప్పుతుంది. దీనివల్ల లాభమేమి? నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి బస్సెక్కినవారికి ఇది అనుభవమే. బస్సు ఒక్కసారి ముందుకు దూకితే మనం వెనుకకు ఒరుగుతాము, బ్రేకు వేస్తే ముందుకు, మలుపులో ప్రక్కకు. కారు బరువూ అంతే. వేగం పెంచినప్పుడు బరువు వెనుక చక్రాలపై పడి, అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల నడుమ బరువంతా ఇమిడితే మలుపులో కారు తేలికగా తిరుగుతుంది.

అందరి ఇంజనూ ఒకటే, అందరి చట్రమూ ఒకటే. ఇక తేడా మనిషిలోనే ఉండాలి. అంతేకాదు, బలం తక్కువైన కారు కఠినమైన గురువు. పెద్ద ఇంజను గలవాడు మలుపులో తప్పు చేసినా తిన్నని బాటపై తొక్కి ఆ నష్టాన్ని పూడ్చుకుంటాడు. 40 గుర్రాలవానికి ఆ అవకాశం లేదు. మలుపులో జారవిడిచిన వేగం తిరిగి రావడానికి చాలా దూరం పడుతుంది. అందుచేత బ్రేకు ఎక్కడ వేయాలో, ఎంత మృదువుగా వదలాలో వాడు నేర్చుకొనక తప్పదు. కారు ముందుభాగం జారుతున్నదా, వెనుకభాగమా అన్నది గ్రహించి మెకానికుకు చెప్పడమూ నేర్చుకోవాలి. తాను గెలవడం కంటె ఈ బడిని నిలబెట్టడమే కరివర్ధన్ చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.

1990లో మద్రాసు సమీపాన శ్రీపెరుంబుదూరు వద్ద, ఇరుంగాట్టుకోట్టైలో పందేలకోసమే వేసిన బాట వచ్చింది. దక్షిణ భారత ర్యాలీని ఏడుమార్లు గెలిచిన జి.ఆర్. కార్తికేయన్ కుమారుడు నరైన్ 1992లో ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ పాఠశాలలో శిక్షణ పొంది, మరుసటి సంవత్సరం ఫార్ములా మారుతిలో కూర్చుని ఆ బాటపై పోటీ చేశాడు. కోయంబత్తూరు కుర్రవాడు, కరివర్ధన్ అండ అతనికి లభించింది. 1994లో బ్రిటనులో ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీల విజేత అయ్యాడు. ఐరోపాలో పందేల వరుసను గెలిచిన మొదటి భారతీయుడతడే. ఆ కబురు వినడానికి కరివర్ధన్ ఉన్నాడు.

తరువాతివి వినలేదు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు. వయస్సు నలుబది దాటి ఎంతో కాలం కాలేదు. మరుసటి యేడే నరైన్ ఫార్ములా ఏషియా విజేత అయ్యాడు. 2005 మార్చిలో మెల్‌బోర్నులో జోర్డాన్ జట్టు కారులో ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. ఆ జూనులో ఇండియానాపొలిస్‌లో, టైర్ల తగాదాతో ఆరు కార్లే మిగిలిన పందెంలో, నాలుగవవాడుగా వచ్చాడు.

2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళయంలో కొత్త పందెపు బాట తెరిచారు. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు. పొడవు రెండు కిలోమీటర్లకు కొంచెం హెచ్చు. చిన్న ఇంజన్ల ఒంటి సీటు కార్లు అక్కడ పరుగెత్తుతూ వచ్చాయి.