కొండల నడుమ కుదుటపడిన మనసు

అమ్మ పోయిన ఏడాది నాకు ఏ పనిమీదా మనసు నిలిచేది కాదు. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా తెలిసేది కాదు. ఆ రోజుల్లోనే మా పాపకి కుందేలు కథ చదివి వినిపిస్తూ, ఇంత ముచ్చటైన బొమ్మలు వేసినావిడ ఎవరా అని ఆరా తీశాను. ఆమె బీట్రిక్స్ పాటర్. ‘పీటర్ రాబిట్’ కథ రాసినావిడంటే మీలో చాలామందికి గుర్తొస్తుంది. కానీ నన్ను కట్టిపడేసింది ఆ కథకంటే ఆమె జీవితమే.

1866లో లండన్‌లో బాగా కలిగిన ఇంట్లో పుట్టింది. బడికి పంపలేదు. టీచరమ్మలు ఇంటికే వచ్చి చదువు చెప్పేవారు. తోటిపిల్లలతో ఆటపాటలు అంతంతమాత్రం. తమ్ముడు, పెంచుకున్న కుందేళ్ళు, ఎలుకలు, గబ్బిలాలు... అదే ఆమె లోకం. వేసవి వస్తే కుటుంబమంతా స్కాట్లండ్ పల్లెలకీ, 1882 నుంచి ఇంగ్లండ్‌లో కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కీ వెళ్ళేవారు. అక్కడే ఆమెకు ఊపిరాడేది. పుట్టగొడుగు కనిపిస్తే చాలు, దాని ఎదుట కూర్చుని మడతమడతా చూసి బొమ్మ వేసేది. ఈ విద్యలో ఆమెకు సాయపడింది ఎవరనుకున్నారు? స్కాట్లండ్‌లో ఉత్తరాలు పంచే ఓ పోస్ట్‌మన్!

పుట్టగొడుగులు ఎలా మొలకెత్తుతాయో మైక్రోస్కోపు కింద చూసి వ్యాసం కూడా రాసింది. 1897లో ఆ వ్యాసం లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ సభకు వెళ్ళింది. ఆమె మాత్రం వెళ్ళలేకపోయింది. ఆడవాళ్ళకు అప్పట్లో ఆ సభలో చోటు లేదు మరి! ఆమెకు జరిగింది అన్యాయమేనని ఆ సంస్థ ఒప్పుకునేసరికి వందేళ్ళు గడిచిపోయాయి.

1893లో జబ్బుపడిన ఓ పిల్లవాడికి రాసిన బొమ్మల ఉత్తరమే పీటర్ కథకు మూలం. ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. మరుసటేడు వార్న్ సంస్థ దాన్ని అచ్చువేసింది. పుస్తకాల పనిమీద పరిచయమైన నార్మన్ వార్న్ 1905 జూలైలో పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. వ్యాపారం చేసుకునేవాళ్ళతో వియ్యమేమిటని అమ్మానాన్నలు ససేమిరా అన్నారు. తమ ఆస్తీ నూలు వ్యాపారంలో వచ్చిందేనన్న సంగతి వాళ్ళకు గుర్తు రాలేదు కాబోలు! అయినా ఆమె ఒప్పుకుంది. నెల తిరిగిందో లేదో, లుకేమియాతో నార్మన్ కన్నుమూశాడు. అప్పటికి ఆమెకు 39 ఏళ్ళు.

ఆ శరదృతువులోనే లేక్ డిస్ట్రిక్ట్‌లోని నియర్ సారే అనే ఊళ్ళో ‘హిల్ టాప్’ అనే పొలం కొనుక్కుంది. పెద్దవాళ్ళైన తల్లిదండ్రులను చూసుకోవాలి కాబట్టి అక్కడే ఉండిపోయే వీలు లేదు. చిక్కిన నాలుగు రోజులూ వెళ్ళేది. ఇరుగుపొరుగులు ఇచ్చిన మొక్కలు నాటేది, గొర్రెల సంగతి నేర్చుకునేది. ఆ ఇల్లూ, ఆ తోటా తరవాతి పుస్తకాల్లో బొమ్మలయ్యాయి.

1913లో, 47వ ఏట, భూముల వ్యవహారాల్లో సాయపడిన లాయరు విలియం హీలిస్‌ను పెళ్ళాడి అక్కడే స్థిరపడింది. చూపు మందగించి బొమ్మలు తగ్గాయి. హెర్డ్‌విక్ అనే కొండజాతి గొర్రెల పెంపకంలో మాత్రం ఆ ప్రాంతమంతా పేరు తెచ్చుకుంది. 1943 డిసెంబర్ 22న కన్నుమూసే నాటికి కొన్న పొలాలు, కొండలు, దాదాపు 4,000 ఎకరాలు, నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చింది. అవి ఇళ్ళ స్థలాలైపోకూడదని ఆమె పట్టుదల.

ఆమె ప్రశాంతత కోసం కళ్ళు మూసుకుని కూర్చోలేదు చూడండి. కళ్ళు తెరిచి ఎదురుగా ఉన్నదాన్ని చూసింది, చేతులకు మట్టి అంటించుకుంది. మనసు దానంతటదే కుదుటపడింది.

మా డాబామీద అమ్మ పెంచిన మల్లెతొట్టి ఎండిపోతూ ఉండేది. మట్టి గుల్లచేసి, రోజూ పొద్దున్నే పది నిమిషాలు దాని దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఎక్కడ చిగురేసింది, ఏ ఆకు రంగు మారింది అని చూస్తాను, అంతే. అమ్మ లేని లోటు తీరలేదు, తీరదు కూడా. కానీ ఆ పది నిమిషాలూ నేను అక్కడే ఉంటాను. ఈమధ్య పాలు పొంగకముందే పొయ్యి కట్టేస్తున్నాను కూడా!