రెండు సీట్ల కారు చేసిన మన జి.డి. నాయుడు గారు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. నేను ఆర్టీసీ గ్యారేజీలో స్పానరు పట్టుకుని సర్వీసు పూర్తి చేసినవాణ్ణి. అందుచేత కవుల గురించి, నాయకుల గురించి రాసే పని పెద్దలకు వదిలి, బస్సులు నడిపి, మోటార్లు చేసి, చివరకు కారు కూడా తయారు చేసిన ఒక తెలుగువాని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయనే జి.డి. నాయుడు గారు.

పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో జన్మించారు. తరతరాల క్రితం తమిళదేశానికి వలస వెళ్ళి, అక్కడే వ్యవసాయం చేసుకుంటూ, ఇంట్లో మాత్రం తెలుగు మరువని కుటుంబాలలో వారిది ఒకటి. పుట్టిన కొద్ది కాలానికే తల్లి పోయింది. బడి చదువు ఒంటబట్టలేదు. పంతుళ్ళ మీద ఇసుక చల్లి పారిపోయేవారని చెప్పుకుంటారు. చిన్న తరగతుల్లోనే చదువుకు స్వస్తి చెప్పారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక మోటారు సైకిలు. ఇంగ్లీషు అధికారి ఒకరు రడ్జ్ కంపెనీ బండి మీద వెళుతుండగా చూశారు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా అది ఎలా నడుస్తోందన్న ఆలోచన ఆయనను నిలవనీయలేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్న తరువాత ఊరంతా తిరగలేదు. ఒక్కొక్క భాగం విప్పి, చూసి, మళ్ళీ బిగించారు. మనలో గ్యారేజీ పని తెలిసినవారికి ఇందులో గొప్ప అర్థమవుతుంది. విప్పడం ఎవరైనా విప్పుతారు. తిరిగి బిగించాక ఒక్క నట్టు కూడా మిగలకుండా, బండి స్టార్టు కావడమే అసలు పని. ఆయనకు గురువు లేడు, పుస్తకం లేదు. ఆ ఇంజనే గురువు.

1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచ్చి, పళని మధ్య స్వయంగా నడపసాగారు. కొద్ది సంవత్సరాలలో ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. మన హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది 1932లో. అంటే అంతకు 12 ఏళ్ళ ముందే బడి మానేసిన ఒక పల్లెటూరి యువకుడు, తనే డ్రైవరుగా, తనే మెకానిక్కుగా ఈ పనికి దిగాడన్న మాట.

బస్సులతో ఆయన ఆగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును బయటకు తెచ్చారు. కోయంబత్తూరు పరిసరాలు తరువాత మోటార్లకు, పంపుసెట్లకు పేరు పడ్డాయంటే, ఆ పునాది వీరు వేసినదే. మన పొలాల్లో నీళ్ళు తోడిన పంపుసెట్లలో ఎన్నో ఆ ఊరి నుంచి వచ్చినవే కదా. డ్రై సెల్స్‌తో పనిచేసే గడ్డం గీసుకునే యంత్రం, అతి పలుచని బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓటింగు యంత్రం కూడా ఆయన చేతి నుంచి వచ్చాయి. అందుకే ఆయనను భారతదేశపు ఎడిసన్ అన్నారు.

1944లో మోటారు వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకుని, ఉద్యోగుల సంక్షేమానికి, పరిశోధన చేసే విద్యార్థులకు ధనం కేటాయించారు. ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. బడి మానేసిన మనిషి 1945లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు! ఇంజనీరింగుకు నాలుగేళ్ళు ఎందుకు, చేతితో పని నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల ఆ సంస్థే.

ఇక కారు సంగతి. 1952లో ఆయన రెండు సీట్ల పెట్రోలు కారు తయారు చేశారు. ధర సుమారు 2,000 రూపాయలు. సామాన్యుడు కారు కొనడం కలలో మాటగా ఉన్న రోజులవి. కాని అది లైసెన్సుల కాలం. పరిశ్రమల నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది కూడా ఆ 1952 మే నెలలోనే. నాయుడు గారి కారుకు ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది.

సరిగ్గా ఆ సంవత్సరమే లండన్‌లో కోలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు లోటస్ కంపెనీ పెట్టాడు. ఆయన తన మొదటి కారును 1948లో, తరువాత తనకు భార్య అయిన హేజెల్ తల్లిదండ్రుల ఇంటి వెనక షెడ్డులో, పాత ఆస్టిన్ సెవెన్ బండి మీద కట్టాడు. కంపెనీకి పెట్టుబడి కూడా ఆమె ఇచ్చిన 25 పౌన్లే. అక్కడ పూర్తి కారు కొంటే పన్ను ఉండేది, విడిభాగాలు కొంటే ఉండేది కాదు. అందుకని చాప్‌మన్ తన స్పోర్ట్స్ కార్లను విడిభాగాలుగా అమ్మాడు. జనం ఇళ్ళలో భార్యాబిడ్డల సాయంతో బిగించుకున్నారు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఇలా ప్రసిద్ధి కెక్కినదే. ఒక దేశపు నిబంధన ఇంటి షెడ్డులో పుట్టిన కారును రోడ్డెక్కించింది. మరొక దేశపు నిబంధన వర్క్‌షాపులోనే ఆపింది. ఇద్దరి చేతి పనిలో తేడా లేదు, అనుమతిలోనే తేడా.

ఈ మాట నాకు బాగా తెలిసివచ్చింది మా మనవడి వల్ల. ఇంజనీరింగు చదువుతూ, కాలేజీ పోటీ కోసం స్నేహితులతో కలిసి బుద్వేల్‌లోని మా ఇంటి రేకుల షెడ్డులో చిన్న కారు కట్టాడు. పాత మోటారు సైకిలు ఇంజను, పుత్లీబౌలిలో ఏరి తెచ్చిన సామాను. పైపులు వంచి వెల్డింగు చేసింది పిల్లలు, చెయిను అలైన్‌మెంటు చూసింది నేను. మా కోడలు సీట్లకు రెక్సిన్ కుట్టింది. మా ఇంటావిడ ఖర్చుల లెక్క రాసి, అర్ధరాత్రి దాకా టీలు అందించింది. నాలుగు నెలల తరువాత ఇంజను పలికినప్పుడు వీధి వీధంతా వచ్చి చూశారు. అయితే అలాంటి బండిని రోడ్డు మీద నడపడానికి వీల్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పూణేలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ఆమోదించనిదే కొత్త నమూనాకు రిజిస్ట్రేషను దొరకదు. కాలేజీ మైదానంలోనే నడిపారు. ప్రాణాలతో కూడిన వ్యవహారం కనుక పరీక్ష ఉండవలసిందే. మనవలు ఇటువంటి పనికి పూనుకుంటే పెద్దలు ఈ సంగతి ముందే చెప్పాలి.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేర మ్యూజియం ఉంది. అదే రోడ్డు మీద, మన మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పి.వి. ఎక్స్‌ప్రెస్‌వేను తలపించే 10 కిలోమీటర్ల ఫ్లైఓవరుకు 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టారు. కోయంబత్తూరు పోలేనివారు బహదూర్‌పురాలో సుధాకర్ గారు స్వయంగా చేసిన వింత కార్ల మ్యూజియానికి పిల్లలను తీసుకుపోవచ్చు. ఇక్కడికి ఎంతో దూరం లేదు.

ఆయన కారు ఆగిపోయింది గాని, ఆయన నేర్పిన పని ఆగలేదు. అది కోయంబత్తూరు వర్క్‌షాపులలో ఒక చేతి నుంచి మరొక చేతికి అందింది. మనకు పదవీ విరమణ వయసుకే గాని చేతికి కాదు. మిత్రులారా, ఇంట్లో మూలపడిన పాత స్కూటరో, మిక్సీయో ఉంటే, మనవణ్ణీ మనవరాలినీ పక్కన కూర్చోబెట్టుకుని విప్పించండి. తిరిగి వాళ్ళ చేతనే బిగించండి. నాయుడు గారికి అంతకు మించిన నివాళి లేదు.



ఒక విశ్రాంత మెకానిక్,
బుద్వేల్