రామన్ గారి ఎం.ఏ. దండగేనా?

థర్డ్ ఇయర్‌కి వచ్చామంటే చాలు, ఎమ్మెస్సా జాబా అని అడగని చుట్టం ఉండరు. ఈ లెక్క తేలక నేను సి.వి.రామన్ గారి జీవితం చదివాను.

1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా, నాన్నగారి లెక్చరర్ ఉద్యోగం వల్ల ఆయన పెరిగింది మన విశాఖపట్నంలో. 11 ఏళ్లకే మెట్రిక్ పాసయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. అయ్యాక టీచర్లు ఇంగ్లండు వెళ్లమన్నారు. అక్కడి చలికి తట్టుకోలేరని డాక్టరు చెప్పడంతో అదే కాలేజీలో ఎం.ఏ.లో చేరారు. క్లాసుల కంటే ల్యాబ్‌లోనే ఎక్కువ గడిపారు. ఎం.ఏ. పూర్తవకముందే, 1906లో, ఆయన పేపర్ ఇంగ్లండు సైన్స్ పత్రికలో అచ్చయింది.

1907లో ఎం.ఏ. చేతికొచ్చింది. కానీ అప్పట్లో మన దేశంలో రీసెర్చ్‌తో బతకడం కష్టం. ఫైనాన్స్ సర్వీసు పరీక్ష రాసి కలకత్తాలో అకౌంట్స్ ఆఫీసరయ్యారు. ప్యాకేజీ లెక్కన ఆ ఎం.ఏ. దండగే! అయితే ఆఫీసయ్యాక కూడా ఆయన బౌబజార్‌లోని సైన్స్ అసోసియేషన్ ల్యాబ్‌కి వెళ్లేవారు. ప్రెసిడెన్సీలో పడిన అలవాటు పోలేదు. 1917లో జీతం తగ్గినా ప్రొఫెసర్‌గా వెళ్లారు. 1930లో నోబెల్ వచ్చింది.

ఆయనకి ఎడ్యుకేషన్ లోన్ లేదు, నాకైతే తప్పదు. అందుకే ర్యాంకింగులు చూసేముందు నన్ను నేను అడుగుతున్నా: ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక కూడా నేను కూర్చుని చేసే పని ఏది? అది తెలిస్తే, దానికి మంచి ల్యాబ్ ఉన్న చోట అప్లై చేస్తా. తెలియకపోతే ముందు జాబే.