మర్దనతో రాజుల మన్నన పొందిన షేక్ దీన్ ముహమ్మద్

జీడితోటల్లో వంగి పిక్కలు ఏరినవారికి, సముద్రంలో వలలు లాగినవారికి, జూట్ మిల్లుల్లో నిలువుకాళ్ల మీద పనిచేసినవారికి రాత్రయ్యేసరికి ఒళ్లు పులిసిపోతుంది. నడుము పట్టేస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఇంటింటి బాధ. వెనకటి రోజుల్లో మన నానీలు, దాదీలు నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, చిటికెడు కర్పూరం కలిపి ఓపికగా రుద్దేవారు. ఆ ఓపిక ఇప్పుడు తగ్గింది. కొట్లో నొప్పి బిళ్ల కొని మింగి పడుకోవడం అలవాటైపోయింది.

మనం చిన్నచూపు చూస్తున్న ఈ మర్దన విద్యతోనే రెండు వందల ఏళ్ల క్రితం మన దేశపు ముస్లిం కుటుంబంలో పుట్టిన ఒక వ్యక్తి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్నాడు. ఇద్దరు రాజులకు మర్దన వైద్యుడయ్యాడు. ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసినవీ ఉన్నాయి, జాగ్రత్తపడవలసినవీ ఉన్నాయి.

పదేళ్లకే తండ్రిని పోగొట్టుకుని...

దీన్ ముహమ్మద్ 1759లో పట్నాలో జన్మించాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో సుబేదారు. ముర్షిదాబాద్ నవాబులతో తమకు బంధుత్వం ఉందని ఆ కుటుంబం చెప్పుకునేది. కంపెనీ పెత్తనం దేశమంతా పాకుతున్న రోజులవి. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం బెంగాల్ దివానీ హక్కును కంపెనీకి ధారాదత్తం చేశాడు. అదే సంవత్సరం మన ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా రాసిచ్చాడు. మరుసటి ఏడు నిజాం కూడా ఒప్పందం చేసుకోవడంతో, షేర్ ముహమ్మద్ ఖాన్ జామియా మసీదు కట్టించిన శ్రీకాకుళం సర్కారు కంపెనీ పరమైపోయింది. పట్నా బాలుడి జీవితాన్నీ, మన ప్రాంతపు చరిత్రనూ మలుపు తిప్పింది ఒకే చేయి.

1769లో తండ్రి కంపెనీ తరఫున శిస్తు వసూలుకు వెళ్లి, అక్కడ జరిగిన పోరులో మరణించాడు. దీన్ ముహమ్మద్‌కు అప్పటికి పదేళ్లు. తల్లి మనసు నొచ్చుకున్నా, గాడ్‌ఫ్రీ బేకర్ అనే ఐరిష్ అధికారి వెంట సైనిక దండులోకి వెళ్లిపోయాడు. క్రమంగా జమేదారు, ఆపైన సుబేదారు అయ్యాడు. 1782లో ఇద్దరూ కొలువు మానుకున్నారు. 1784లో బేకర్‌తోపాటు ఓడ ఎక్కి ఐర్లండులోని కార్క్ నగరం చేరాడు.

పరాయి గడ్డపై కష్టసుఖాలు

అక్కడ ఆయన బడిలో చేరి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. జేన్ డాలీ అనే యువతితో పరిచయమైంది. 1786లో వారిద్దరూ ఇల్లు విడిచి వెళ్లి పెళ్లి చేసుకున్నారు. ఆయన ఆ దేశపు ప్రొటెస్టెంటు చర్చిలో చేరిపోయాడు. పుట్టిన ధర్మానికి దూరమయ్యాడు గానీ పుట్టుకతో వచ్చిన పేరును మాత్రం ఎన్నడూ దాచుకోలేదు. ముహమ్మద్ అన్నదే ఆయన సంతానానికి ఇంటిపేరుగా నిలిచింది. 1794లో తన ప్రయాణ విశేషాలను 38 లేఖల రూపంలో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి అచ్చువేయించిన తొలి గ్రంథం అదే.

1807 ప్రాంతంలో కుటుంబంతో లండన్ చేరాడు. మద్రాసులో కంపెనీ కొలువు చేసి సంపన్నుడైన బాసిల్ కోక్రేన్ అనే పెద్దమనిషి అక్కడ ఆవిరి స్నానశాల నడుపుతుండేవాడు. దీన్ ముహమ్మద్ అందులో పనిచేస్తూ రోగులకు మర్దన చేసేవాడు. 1810లో సొంతంగా హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. మన మసాలా వంటలు, హుక్కా, వెదురు కుర్చీలు అన్నీ అమర్చాడు. ఇంగ్లండులో భారతీయుడు నడిపిన మొదటి భోజనశాల అదే. పేరైతే వచ్చింది గానీ పెట్టుబడి నిలవలేదు. 1812లో దివాలా తీశాడు. ఏభై మూడేళ్ల వయసు, మీద సంసార భారం. ఏదైనా పెద్దింట్లో సేవకుడి కొలువు ఇప్పించమని పత్రికలో ప్రకటన ఇచ్చుకోవలసిన దుస్థితి పట్టింది.

మర్దనే దారి చూపింది

ఆ వయసులో మరొకరైతే కుంగిపోయేవారే. ఆయన మాత్రం చేతిలో ఉన్న విద్యనే నమ్ముకున్నాడు. 1814లో సముద్రతీర పట్టణమైన బ్రైటన్ చేరి ఆవిరి స్నానాలు, మర్దన ప్రారంభించాడు. మూలికలు వేసి మరిగించిన నీటి ఆవిరిలో రోగికి బాగా చెమట పట్టనిచ్చేవారు. ఆ తర్వాత మందపాటి గుడ్డతో కుట్టిన గుడారంలో కూర్చోబెట్టేవారు. గుడారానికి చొక్కా చేతుల వంటి సంచులు ఉండేవి. మర్దన చేసేవారు బయటే నిలబడి, వాటిలో చేతులు దూర్చి, సుగంధ తైలాలతో రోగి ఒళ్లు పిసికేవారు. ఏ మూలికలు, ఏ తైలాలు వాడేదీ ఆయన బయటపెట్టలేదు.

ఈ విద్యకు ఆయన వాడిన పేరు షాంపూ. హిందుస్తానీలో చాంపో అంటే నొక్కు, పిసుకు అని అర్థం. మన క్షౌరశాలల్లో చేసే చంపీ కూడా అదే మాట. తలంటు సబ్బుకు ఆ పేరు అంటుకున్నది తర్వాతి కాలంలో.

మొదట్లో జనం నవ్వారు. కీళ్లనొప్పులు, కండరాల పోట్లతో వచ్చినవారికి ఉపశమనం కలగడంతో నవ్వులు ఆగిపోయాయి. నడవగలిగినవారు వదిలేసి వెళ్లిన చేతికర్రలను ఆయన స్నానశాల గోడలకు తగిలించేవాడు. 1821లో సముద్రపు ఒడ్డున పెద్ద భవనం కట్టించాడు. మరుసటి ఏడు మర్దనపై ఒక గ్రంథం రాశాడు. నాలుగో జార్జి, ఆ తర్వాత నాలుగో విలియం ఆయన్ని తమ మర్దన వైద్యుడిగా నియమించుకున్నారు.

ఒక పొరపాటు

పేరు పెరిగిన కొద్దీ ఆయన ఒక తప్పు చేశాడు. తాను పుట్టింది 1749లో అనీ, కలకత్తాలో వైద్యం చదివాననీ తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన రాసిన మొదటి పుస్తకమే ఆ మాటను కాదంటుంది. పదేళ్ల ప్రాయం నుంచి ఆయన ఉన్నది సైన్యంలోనే. చేతిలో నిజమైన విద్య ఉన్నప్పుడు లేని చదువును తగిలించుకోవలసిన అవసరమేముంది? తన విద్యపై తనకున్న నమ్మకం కంటే జనం మెచ్చుకోలుపై ఆశ ఎక్కువైనప్పుడు మంచివారు కూడా ఇలా జారిపోతారు.

1841లో భాగస్వామి మరణంతో భవనం వేలానికి వచ్చింది. దాన్ని కొనే స్తోమత ఆయనకు లేకపోయింది. చిన్న ఇంట్లో పని సాగించాడు. 1850 డిసెంబరులో భార్య పోయింది. 1851 ఫిబ్రవరి 24న తానూ కన్నుమూశాడు.

మనవడి పరిశోధన

ఆయన మనవడు ఫ్రెడరిక్ అక్బర్ ముహమ్మద్ సక్రమంగా వైద్యం చదివి లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్యుడయ్యాడు. మూత్రపిండాలు చెడకముందే రక్తపోటు పెరిగి ఉండవచ్చని చూపించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1884లో చిన్న వయసులోనే మరణించినా ఆయన కృషిని వైద్యలోకం నేటికీ గుర్తుచేసుకుంటుంది. తాత చెప్పుకున్న లేని చదువును మనవడు నిజంగానే సంపాదించాడు.

మనం ఏం చేయాలి?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతపు ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లలో చీకటి నింపిందో మనకు తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేక కిడ్నీ ఆసుపత్రి కూడా ప్రారంభమైంది. నొప్పి బిళ్లలు తరచుగా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పనివల్ల వచ్చే ఒళ్లునొప్పులకు ముందు విశ్రాంతి, కాపడం, మర్దన చూడాలి. మర్దనతో బిగిసిన కండరం సడలి నొప్పి కొంతసేపు తగ్గుతుంది. కర్పూరం, పుదీనా సత్తు చర్మపు నరాలను తాకి నొప్పిని మరిపిస్తాయి. అంతకుమించి అద్భుతాలు ఆశించకూడదు.

పక్కనున్న గంజాం తీరంలో మొగలిపూల నుంచి కేవడా రూహ్ తీస్తారు. అటువంటి సుగంధ తైలమైనా, నీలగిరి తైలమైనా నేరుగా ఒంటికి రాయకూడదు. ఒక టీస్పూను నువ్వుల నూనెలోగానీ కొబ్బరి నూనెలోగానీ రెండు మూడు చుక్కలు చాలు. ముందు మోచేతి దగ్గర కొద్దిగా రాసి, దురద, మంట రాకపోతేనే వాడాలి. పసిపిల్లలకు కర్పూరం, నీలగిరి తైలం పనికిరావు. అవి కడుపులోకి పోతే ప్రాణాపాయం. ఒక కాలి పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా ఉన్నా, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నా, జ్వరం ఉన్నా రుద్దకుండా డాక్టరుకు చూపించాలి.

రోజంతా కష్టపడి వచ్చిన తండ్రి వీపుకు కొడుకు కాసేపు నూనె రాస్తే, తల్లి పాదాలు కూతురు ఒత్తితే అయ్యే ఖర్చు ఎంత? దూరదేశంలో రాజులు కోరి చేయించుకున్న సేవ అది. మన ఇంట్లో పెద్దలకు దానిని కరువు చేయకూడదు.